దుగ్గిరాల పసుపు, రేపల్లె రక్తం

ఆ రోజుల్లో, అంటే పెళ్ళికి వీడియో తీయించుకున్నవాళ్ళు ఇంటికొచ్చిన ప్రతివాడినీ కూర్చోబెట్టి మూడు గంటలూ చూపిస్తేగానీ కాఫీ ఇవ్వని రోజుల్లో, చేతిలో కెమెరా ఉన్న ప్రతివాడూ డైరెక్టరే, చేతిలో గిటార్ ఉన్న ప్రతివాడూ హీరోయే. గిటార్ నా దగ్గరుంది. కెమెరా మా ఫోకస్ బావ దగ్గరుంది. బావ మా మేనత్త కొడుకు, తెనాలిలో పెళ్ళి వీడియోలు తీసేవాడు. ఫోకస్ కుదరలేదని పెళ్ళికొడుకు చేత మూడో ముడి విప్పించి మళ్ళీ వేయించిన ఘనుడు. మేమిద్దరం కలిసి తీసిన కళాఖండం, రక్తపిశాచి రాక్ అండ్ రోల్ పాడే హాస్య చిత్రం. పిశాచిని నేనే. (నా పాట విని ఎంచుకున్నాడనుకున్నాను. వీడు ఒంట్లో చుక్క రక్తం లేనట్టుంటాడు, పౌడరు కలిసొస్తుందని అత్తతో అన్నాడట.)

మా నాన్న బాపట్లలో బడిపంతులు, ఆదివారాలు చర్చిలో క్వయర్ నడిపేవారు. కేకలేసే మనిషి కాదు, అందుకే మాకు ఎక్కువ భయం. డిగ్రీ తప్పి ఏడాదిగా ఇంట్లో తీగలు మీటుకుంటున్న నన్ను పిలిచి, దుగ్గిరాలలో ఒక పసుపు వ్యాపారి దగ్గర గుమాస్తా పని మాట్లాడానని, సోమవారం చేరాలని చెప్పారు. "ఆదివారం మీ సినిమా చూస్తాను. నీ పాటలో సరుకుంటే సరే. లేకపోతే గిటార్ అటకెక్కుతుంది, మళ్ళీ దింపే మాట లేదు" అన్నారు. ఆయన అన్నారంటే అన్నారే. అప్పటికి సినిమా అంతా అయింది, నా పాట ఉన్న చివరి సీను తప్ప.

ఆ సీను శనివారం మిట్టమధ్యాహ్నం రేపల్లెలో మేనత్త ఇంటి వాకిట్లో పెట్టుకున్నాం. లైట్లు లేవు కాబట్టి కెమెరాకి నీలం కాగితం అంటించి, ఇదే అర్ధరాత్రి అనుకోమన్నాడు బావ. (అత్త కోళ్ళు అనుకోలేదు, వెనకాల గింజలేరుకుంటూనే ఉన్నాయి.) బావ స్టూడియో నల్ల తెర నా భుజాలమీద. నాన్న జేబులోంచి కొట్టేసిన సుద్దముక్కలు అరగదీసి కోరపళ్ళు. ఇక రక్తం. నేను గడ్డం మీదుగా కార్చుకుంటూ పాడాలి. బావ దుగ్గిరాల నుంచి మేలురకం పసుపు తెప్పించి, నీళ్ళలో కలిపి సున్నం వేశాడు. చిక్కటి ఎరుపు తేలింది. నోరు పొక్కుతుందేమో అన్నాను. కిళ్ళీలో వేసే సున్నమేరా, చావవులే అని దాన్ని ఇత్తడి పళ్ళెంలో పోసి అరుగుమీద పెట్టాడు. ఉన్న పసుపంతా అయిపోయింది. సాయంత్రం తెనాలిలో పెళ్ళి ఉంది, నాలుగింటి రైలుకి కెమెరా వెళ్ళిపోవాలి.

పక్కింటి మామ్మగారి సంగతి మేం మరిచిపోయాం. ఆ వీధిలో కొత్త పెళ్ళికొడుకు దిగినా, పసిబిడ్డ గుక్కపట్టినా, ఎర్రనీళ్ళు తిప్పి దిష్టి తీసేది ఆవిడే. మేం చర్చికెళ్ళేవాళ్ళమని ఆవిడకి తెలుసు, దిష్టికి ఆ పట్టింపులు లేవని ఆవిడ నమ్మకం. నేను పల్లవి ఎత్తుకున్నానో లేదో, మామ్మగారు గోడ పక్కనుంచి వచ్చారు. అరుగుమీద ఎర్రనీళ్ళు చూశారు, పాలిపోయిన నా మొహం చూశారు.

"నీళ్ళు కలిపిపెట్టుకుని తిప్పేవాళ్ళు లేక నిలబడ్డావా నాయనా? ఒక్క కేకేస్తే నేను రానా?"

కాదు మామ్మగారూ అనబోయాను. నోట్లో కోరలు. ఈలోగా పళ్ళెం నా చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఊరివాళ్ళ దిష్టి, ఇరుగువాళ్ళ దిష్టి, చివరకు మా ఫోకస్ బావ దిష్టి కూడా పొమ్మన్నారు. థూ అని ఉమ్మమన్నారు. పెద్దవాళ్ళు చెబితే వినే పెంపకం మాది, ఉమ్మాను. నానిన సుద్దకోరలు తెల్లటి ఉమ్ముతో సహా ఊడి నేలమీద పడ్డాయి. "చూశావా, ఎంత తగిలిందో" అని తల పంకించి, మా రక్తం మొత్తం తీసుకెళ్ళి వీధిలో పారబోశారు.

నాకు ఏడుపొచ్చింది. నవ్వకండి, నిజంగానే వచ్చింది. కళ్ళముందు గిటార్ కనిపించలేదు, మా ఇంటి అటక కనిపించింది. అప్పుడు కెమెరా వెనకనుంచి బావ మెల్లగా అన్నాడు, "ఆపలేదు. తిరుగుతూనే ఉంది. పాడరా."

పాడాను. కోరల్లేకుండా, ముక్కు చీదుకుంటూ, గొంతు జీరగా పాడాను. మామ్మగారు ఖాళీ పళ్ళెం పట్టుకుని, పాట అయ్యేదాకా తలూపుతూ నిలబడ్డారు.

ఆదివారం ప్రార్థన తర్వాత మా ఇంట్లో క్వయర్ వాళ్ళందరి ముందు క్యాసెట్ వేశాం. శిలువకీ వెల్లుల్లికీ లొంగని పిశాచి రేపల్లె మామ్మగారి ఎర్రనీళ్ళకి మనిషైపోయి పాటందుకునేసరికి, జనం పడీ పడీ నవ్వారు. నాన్న మాత్రం నవ్వలేదు. అంతా అయ్యాక అడిగారు.

"ఆ పాట ఎవరు కట్టారు?"

"నేనే నాన్నా."

"రెండో చరణంలో శ్రుతి జారింది. వచ్చే ఆదివారం గిటార్ పట్టుకుని క్వయర్‌లోకి రా, చూద్దాం." లేచి గుమ్మందాకా వెళ్ళి ఆగారు. "పిశాచికి దిష్టేంట్రా" అని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అప్పుడు నవ్వారు. ఆయన అంతసేపు నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

సోమవారం దుగ్గిరాల వెళ్ళాను. ముప్పై ఏళ్ళు ఆ పసుపులోనే బతికాను, ప్రతి ఆదివారం నాన్న పక్కన, తర్వాత నాన్న లేని చోట, అదే గిటార్ వాయించాను. క్యాసెట్‌కి బూజు పట్టింది. మామ్మగారూ లేరు. ఎలా తెలిసిందో, మొన్న క్వయర్ పిల్లలు చుట్టూ చేరి, మీరు సినిమాలో హీరో అటగదండి అన్నారు. హీరోని కాదర్రా, దెయ్యాన్ని అన్నాను. నమ్మలేదు. గిటార్ శ్రుతి చేసి, నలభై ఏళ్ళనాటి ఆ పాట వినిపించాను. రెండో చరణంలో శ్రుతి ఇప్పటికీ జారుతుంది. సరిచేయబుద్ధి కాదు.