నిల్దా ఫోనుకి కాపలా

ఎల్బియో సోసా ఉద్యోగం చేసినన్నాళ్ళూ రాత్రి బస్సు నడిపాడు. మా ఊరు సాల్తో నుంచి రాజధాని మోంతెవిదెయో, మోంతెవిదెయో నుంచి సాల్తో. తెల్లారి ఇంటికొచ్చి, భార్య నిల్దా పెట్టింది తిని, కిటికీలు మూసుకుని పడుకునేవాడు. వంటింట్లో రేడియో సన్నగా మోగుతూ ఉండేది. అందులో ఎవరు మాట్లాడుతున్నారో, ఏం మాట్లాడుతున్నారో ఏనాడూ పట్టించుకోలేదు. చెవుల్లో ఇంజను హోరు ఇంకా తిరుగుతూనే ఉండేది, ఇక రేడియో ఎక్కడ వినపడుతుంది?

పింఛను మొదలై ఇంటిపట్టున కూర్చున్నాక తెలిసింది ఆయనకి, తను నిద్రపోయిన ఇన్నేళ్ళూ తన వంటింట్లో ఇంకో మగాడు కబుర్లు చెబుతున్నాడని.

వాడి పేరు దార్దో. మా ఊరి స్టేషన్ రేడియో నరాన్హల్‌లో పొద్దుటి కార్యక్రమం వాడిది. మనిషిని చూసినవాళ్ళు తక్కువ, గొంతు ఎరగని ఇల్లు లేదు. పాలకోవాలాంటి గొంతు. “అమ్మాయిలూ, లేచారా?” అంటాడు రోజూ. మనవలున్న ముసలమ్మలు కూడా ఆ మాటకి కిసుక్కుమంటారు. నిల్దా కూడా నవ్వింది, స్టవ్ ముందు నిలబడి, ఒక్కతే.

“ఎవర్ని చూసి ఆ నవ్వు?” అన్నాడు ఎల్బియో.

“దార్దోని చూసి.”

“కనిపిస్తున్నాడేంటి నీకు?”

“నీకన్నా బాగానే కనిపిస్తున్నాడు. జరుగు ముసలోడా, పాలు పొంగుతున్నాయ్.”

ఆ పూట ఎల్బియో రేడియో వైపు వీపు పెట్టుకుని తిన్నాడు.

దార్దో కార్యక్రమంలో ఒక ఆట ఉంది. ఊరి జనం పేరూ, ఇంటి ఫోను నంబరూ చీటీ మీద రాసి స్టేషన్లో వేసి వస్తారు. దార్దో డ్రమ్ము గిరగిరా తిప్పి ఒక చీటీ తీసి, ఆ ఇంటికి ఫోను చేస్తాడు. సెల్లుకి చెయ్యడు, ఇంటి ఫోనుకే. ఎత్తినవాళ్ళు హలో అన్నారా, పోయినట్టే. “మా ఇంట్లో మోగేది నరాన్హల్!” అనాలి. అలా అంటే బుట్టెడు సరుకులిస్తారు, ఒక పాట వేస్తారు. ఆ పాట ఎవరికి అంకితమో ఊరంతా వింటుండగా చెప్పుకోవచ్చు. బుట్ట సంగతి ఎవరికి కావాలి? ఆ చెప్పుకోవడం కోసమే చీటీలన్నీ.

అందుకే మా ఊళ్ళో పొద్దుటిపూట ఏ ఇంటికి ఫోను చేసినా హలో వినపడదు. వాళ్ళమ్మ పోయిన రోజు చెల్లెలు ఏడుస్తూ ఫోను చేస్తే, నిల్దా ఎత్తి “మా ఇంట్లో మోగేది నరాన్హల్!” అని హుషారుగా అరిచింది. ఆ చెల్లెలు చాలాకాలం ఆవిడతో మాట్లాడలేదు. అయినా నిల్దా మానలేదు. దార్దో ఇవాళ చెయ్యకపోతే రేపు చేస్తాడు. ఆ ఒక్క ఫోను కోసమే ఆవిడ కనెక్షన్ తీసెయ్యనివ్వలేదు.

దార్దో చెయ్యలేదు గానీ మిగతా లోకమంతా చేసేది. అప్పిస్తామనేవాళ్ళు, సెల్లు ప్లాను మార్చుకోమనేవాళ్ళు, అంబులెన్సు చందా కట్టమనేవాళ్ళు. అందరికీ నరాన్హల్ పేరే జవాబు. కొందరు బిత్తరపోయి పెట్టేసేవారు. పెట్టెయ్యనివాడు ఒకడున్నాడు. శ్మశానంలో సమాధి గూళ్ళు ముందుగానే అమ్మేవాడు. మధ్యాహ్నం ఎల్బియో కునుకు తీసే వేళ చూసి మరీ చేసేవాడు.

“అయ్యో, మోంతెవిదెయోలో అంత చలా?” అంటోంది నిల్దా ఒకరోజు ఫోన్లో. “మఫ్లర్ కట్టుకో నాయనా. ఏంటీ, నా గొంతా? పోవయ్యా, ముసల్దాన్ని పట్టుకుని!”

ఎల్బియో మంచం మీద లేచి కూర్చున్నాడు. ఒళ్ళు మండిపోయింది. “సమాధులమ్మేవాడితో సరసాలేంటే నీకు?”

“చల్లగా మాట్లాడతాడు. నువ్వు మాట్లాడతావా? పెళ్ళైన దగ్గర్నుంచీ టైర్లూ, డీజిలూ తప్ప నీ నోట ఏం విన్నాన్నేను?”

మర్నాడే ఎల్బియో చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతె బుర్రతో, అంటే ఆకు కషాయం గొట్టంతో పీల్చుకునే సొరబుర్రతో, ఎబెర్ కొట్టుకి బయల్దేరాడు. ఎబెర్ అంటే రేడియోలూ, ఫోన్లూ బాగుచేసేవాడు. వాడి నోరు మాత్రం ఎవరూ బాగుచెయ్యలేరు.

“ఇదిగో దొన్ ఎల్బియో, నీకు కావలసింది ఇదే,” అని అరచేతిలో పట్టే నల్ల డబ్బా ఒకటి బల్ల మీద పెట్టాడు. “గోడకీ ఫోనుకీ మధ్యలో తగిలించు. పాడు ఫోను వచ్చిందా, ఈ ఎర్ర మీట నొక్కు. ఆ నంబరు మళ్ళీ మోగదు. డబ్బాయే ఎత్తి, ఈ నంబరుకి ఫోను చెయ్యకండి అని చెప్పి పెట్టేస్తుంది. ఫ్యాక్టరీ వాళ్ళ ఆడగొంతు ఉంది, నచ్చకపోతే నీ గొంతుతో తిట్టుకో.”

“ఇంట్లో వాళ్ళకి తెలీకుండా నంబరు ఎక్కించొచ్చా?”

ఎబెర్ కళ్ళజోడు పైనుంచి చూశాడు. “అమ్మేవాళ్ళ గురించేనా నువ్వడిగేది? లేక ఇంట్లో ఏదన్నా కథ నడుస్తోందా?”

“నీ పని నువ్వు చూసుకోవయ్యా,” అని ఎల్బియో డబ్బా లాక్కున్నాడు.

ఆ డబ్బా ఏం చేస్తుందో వినగానే నిల్దా ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది. “దార్దో ఫోను చేస్తే? వాడి ఫోను కూడా ఇది మింగేస్తే?”

“దార్దో జోలికి ఇది వెళ్ళదు. అమ్మేవాళ్ళకే.”

“ఒట్టు పెట్టు.”

“ఒట్టు.”

“నా మీద పెట్టు.”

ఆవిడ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. అప్పటికి అది నిజమే, అన్యాయంగా అనకూడదు.

పాడు ఫోన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎర్ర మీట నొక్కిన ప్రతిసారీ ఎల్బియోకి ఒక దొంగని బస్సులోంచి దింపేసినంత తృప్తి. సమాధులవాడి నంబరైతే రెండుసార్లు నొక్కాడు, ఒకసారి చాలని తెలిసీ. ఇల్లు నిశ్శబ్దమైంది. ఇక నిల్దా నాతోనే మాట్లాడాలిగా అనుకుని, కుర్చీ వంటింటి గుమ్మంలోకి లాక్కుని కూర్చున్నాడు. నిల్దా రేడియో గొంతు పెంచింది.

ఒకరోజు పొద్దున్న చూశాడు. దార్దో కార్యక్రమం మొదలవ్వబోతుంటే నిల్దా అద్దం ముందు తల దువ్వుకుంటోంది. దువ్వి, లిప్‌స్టిక్ తీసి పెదవులకి పూసుకుంది. ఆపైన జాకెట్టు సవరించుకుని ఫోను పక్కన వచ్చి కూర్చుంది.

“రేడియోలో జుట్టు కనిపిస్తుందా?”

“కనిపించకపోతే మాత్రం? జుట్టు చింపిరిగా పెట్టుకుని మాట్లాడితే గొంతు కూడా అలాగే వస్తుంది.”

“నేను రాత్రంతా బస్సు తోలి ఇంటికొచ్చినప్పుడు ఏనాడన్నా ఇలా దువ్వుకున్నావా?”

“నువ్వెప్పుడన్నా చూశావా, దువ్వుకున్నానో లేదో?” అంది నిల్దా. “తిని పడుకునేవాడివి.”

ఆ మాట నిజమేనని ఎల్బియోకి తెలుసు. నిజం వింటే మనిషికి కోపం రెట్టింపవుతుంది. నిల్దా రొట్టెల కొట్టుకి వెళ్ళేదాకా పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు. ఆవిడ వీధి మలుపు తిరగ్గానే డబ్బా ముందు చేరాడు. స్టేషన్ నంబరు వెతకనక్కర్లేదు, పాటకీ పాటకీ మధ్య వాళ్ళే అరుస్తుంటారు. ఒక్కో అంకే నొక్కి ఎక్కించాడు. ఫ్యాక్టరీ ఆడగొంతు తీసేసి, డబ్బాకి నోరు ఆనించి, కడుపులో ఉన్నదంతా కక్కేశాడు.

వేసిన ఒట్టు గుర్తు రాలేదా అంటే వచ్చింది. దార్దో డ్రమ్ములో ఊరంతటి చీటీలున్నాయి, మా చీటీ తగిలేది ఎప్పటికిలే అని సర్దిచెప్పుకున్నాడు.

తగిలింది. ఆ చలికాలంలోనే, వాన దంచికొడుతున్న ఒక పొద్దున. మా ఊళ్ళో వాన పడితే ప్రతి వంటింట్లోనూ పిండి ముద్దలు ఒత్తి నూనెలో వేయిస్తారు. నిల్దా అదే పనిలో ఉంది. ఎల్బియో బల్ల దగ్గర కూర్చుని మొదటి వాయి తింటున్నాడు. రేడియోలో డ్రమ్ము తిరిగిన చప్పుడైంది.

“అమ్మాయిలూ, గుండెలు పట్టుకోండి,” అన్నాడు దార్దో. “ఇవాళ్టి చీటీ... నిల్దా ఫెర్రేయిరా దె సోసా!”

నిల్దా చేతిలోని గరిట నూనెలో పడిపోయింది. “నేనే! ఓరి దేవుడో, ముసలోడా, నేనే!” పిండి చేతులతోనే జుట్టు సవరించుకుంది, నుదుటంతా తెల్లగా అయింది. పరిగెత్తి ఫోను ముందు నిలబడి, చెయ్యి రిసీవర్ మీద పెట్టింది.

ఎల్బియో తింటున్న ముక్క పళ్ళెంలో పడేశాడు. లేచి డబ్బా తీగ పీకేద్దామనుకున్నాడు. నిల్దా దానికి అడ్డంగా నిలబడి ఉంది.

రేడియోలో ఫోను రింగు వినిపించింది. ఇంట్లో ఫోను మోగలేదు. డబ్బా మీద ఎర్ర దీపం మాత్రం మిణుక్కుమంది. రేడియోలో టక్కుమని ఎవరో ఎత్తిన చప్పుడు, వెంటనే ఒక మగగొంతు.

“ఒరేయ్ తీపి గొంతోడా! ఈ ఇంట్లో ఆడదానికి మొగుడున్నాడు. బతికే ఉన్నాడు. అది నవ్వాలంటే నేను నవ్విస్తా. నాకు నవ్వించడం రాకపోతే అది నవ్వకుండా కూర్చుంటుంది, మధ్యలో నీకేంటి? నా నిల్దా నాది. పెట్టెయ్ ఫోను!”

ఊరంతా విన్నది. పక్కింటి ఎల్సిరా “అమ్మ బాబోయ్!” అనడం గోడ అవతల్నుంచి వినిపించింది. నిల్దా రిసీవర్ మీంచి చెయ్యి తియ్యలేదు. ఫోను కేసి చూసింది, రేడియో కేసి చూసింది, చివరికి మొగుడి కేసి చూసింది.

“దొన్ సోసా,” అన్నాడు దార్దో నవ్వాపుకుంటూ, “నేనడిగేది ఒక పాట పేరండీ, మీ ఆవిడని కాదు! సరే అమ్మాయిలూ, ఆ ఇంటికి కాపలా గట్టిగా ఉంది. ఇంకో ఇంటికి వెళ్దాం.” ఆ ఇంకో ఇల్లెవరిదో గానీ, ఆవిడ బుట్ట గెలుచుకుని, పాటని “ఆ కాపలా మొగుడికి” అంకితమిచ్చింది. ఆ రోజు నుంచి ఎల్బియో సోసా అంటే ఎవరికీ తెలీదు, కాపలా అంటే చంటిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు.

నిల్దా తిట్టలేదు. తిడితే బతికిపోయేవాడు. స్టవ్ ఆర్పి, మాతె కలుపుకుని, ఆయన ఎదురుగా కూర్చుంది. తను తాగింది. మళ్ళీ వేడినీళ్ళు పోసుకుని మళ్ళీ తనే తాగింది. ఎల్బియో అలవాటుగా చెయ్యి చాచాడు, ఆవిడ బుర్ర ఇవ్వలేదు. మా దగ్గర దారిన పోయేవాడు కూర్చున్నా బుర్ర మళ్ళీ నింపి వాడి చేతికిస్తారు. కాపురం చేసినన్నాళ్ళలో ఆవిడ ఒంటరిగా తాగడం ఆయన చూడలేదు.

“నిల్దా, తప్పైపోయింది.”

గొట్టం చప్పుడే జవాబు.

“ఒక్క మాట చెప్పు. ఆ పాట ఎవరికి ఇద్దామనుకున్నావ్?”

నిల్దా బుర్ర కింద పెట్టింది. నుదుటి మీద పిండి అలాగే ఉంది. “దార్దో అడిగితే చెప్పేదాన్ని,” అంది.

“నేనడుగుతున్నా కదే!”

“నువ్వడిగితే చెప్పను. ఇన్నేళ్ళుగా నాలో నేనే అనుకుని, తిప్పి తిప్పి అనుకుని, ఊరంతా వినేలా చెబుదామని దాచుకున్న మాట. వంటింట్లో నీ ఒక్కడికి చెప్పడానికి కాదు.”

ఎల్బియోకి అది ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది. తనకేనా? తనకైతే ఇంత కోపమొచ్చినప్పుడు మొహాన కొట్టినట్టు చెప్పేసి ఉండదా? లేక పెళ్ళికి ముందు ఆవిడ చుట్టూ తిరిగిన నారింజ తోటల మేస్త్రీకా? వాడు పోయి చాలాకాలమైంది. పోయినవాడి మీద కూడా ఈర్ష్య పుట్టింది ఆయనకి, ఏం చెప్పమంటారు.

మర్నాడు వానలో తడుస్తూ స్టేషన్‌కి వెళ్ళాడు, నిల్దా పేరుతో కొత్త చీటీ పట్టుకుని. దార్దో బయటికొచ్చాడు. గొంతు ఉన్నంత మనిషి లేడు, ఎల్బియో భుజం దాకా కూడా రాడు, మెడ చుట్టూ ఊలు గుడ్డ. ఎల్బియోని చూసి ఒకడుగు వెనక్కి వేశాడు.

“కొట్టడానికి రాలేదయ్యా. ఈ చీటీ వేసుకో.”

“ఒకసారి తగిలిన పేరు మళ్ళీ వచ్చే చలికాలం దాకా వెయ్యకూడదు దొన్ సోసా. అందరికీ అదే రూలు.”

“అప్పుడైనా తగులుతుందా?”

“తగలొచ్చు, తగలకపోవచ్చు. తగిలితే మాత్రం ఆ డబ్బా తీసెయ్యండి బాబూ, మీకు దణ్ణం పెడతా.”

డబ్బా ఆ రోజే పీకేశాడు. అప్పులవాళ్ళు, అంబులెన్సువాళ్ళు, అందరూ ఒక్కొక్కరే తిరిగొచ్చేశారు. చలికాలం పోయి మళ్ళీ చలికాలం వచ్చింది, నిల్దా చీటీ మళ్ళీ డ్రమ్ములో పడింది. మాతె బుర్ర ఎప్పుడో చేతికివ్వడం మొదలుపెట్టింది, ఆ పాట ఎవరికో మాత్రం చెప్పలేదు. ఇప్పుడు పొద్దున్నే ఫోను పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది ఎల్బియోయే. నిల్దా స్నానాల గదిలో ఉన్నప్పుడు మోగితే? ఎవరో ఒకరు సరిగ్గా జవాబు చెప్పాలి కదా.

నిన్న ఫోను మోగింది. ఎల్బియో ఎగిరి అందుకున్నాడు.

“మా ఇంట్లో మోగేది నరాన్హల్!”

“అయ్యో, మీరా సార్?” అన్నాడు అవతల సమాధులవాడు. “మేడం లేరా?”

ఎల్బియో పళ్ళు కొరికాడు. “ఉంది,” అన్నాడు. “నిల్దా, నీకే.”

తల దువ్వుకుంటున్న నిల్దా దువ్వెన జుట్టులోనే ఉంచి వచ్చి ఫోను అందుకుంది. మోంతెవిదెయోలో చలి గురించి అడిగింది, వాళ్ళమ్మ మోకాళ్ళ గురించి అడిగింది, పకపకా నవ్వింది. ఎల్బియో పక్కనే నిలబడి, ఒక చెవి ఆ నవ్వు మీదా, ఇంకో చెవి రేడియోలో తిరుగుతున్న డ్రమ్ము మీదా పెట్టి, “త్వరగా కానివ్వవే, లైను ఖాళీగా ఉంచాలి,” అని బతిమాలుతున్నాడు.