బాపు మళ్లీ డ్యూటీకి

తెలంగాణ రాకముందు మాట. గోదావరిఖనిలో ఒక బొగ్గు కంపెనీ ఆఫీసులో, కంప్యూటర్ల గదిలో పనిచేసేవాణ్ని. బాపు, అంటే మా నాన్న, బొగ్గు బాయిలో కార్మికుడు. జబ్బు చేసి పోయాక ఆయన బదులు నాకు వచ్చిన ఉద్యోగం అది. అసలైతే బొగ్గు యార్డులో వేసేవారు. కంప్యూటర్ చదువుకున్నానని ఇక్కడ కూర్చోబెట్టారు.

మేం రాస్తున్న ప్రోగ్రాం పని కూడా అలాంటిదే. కార్మికుడు చనిపోతే మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, అతని పేరు తీసేసి వారసుడి పేరు ఎక్కించాలి. అది సరిగ్గా చేస్తోందో లేదో చూడటానికి పరీక్షలు రాశాం. ఒక మీట నొక్కితే అన్నీ వరుసగా వాటంతటవే నడిచేవి. వాటికి ఉత్తుత్తి కార్మికుడు ఒకడు కావాలి. బాపు పేరు పెట్టాను. వేరే పేరు తోచలేదు.

మొదటి పరీక్షలో బాపు పోయేవాడు, నేను చేరేవాణ్ని. రెండో పరీక్ష ఆయన్నే మళ్లీ తీసేయబోయేది. ఆ మనిషి డ్యూటీలో లేడని కంప్యూటర్ మొరాయించేది.

"ఒక్కసారి పోయిన మనిషిని ఇంకెన్నిసార్లు పొమ్మంటవు తమ్మీ?" అన్నాడు పక్క కుర్చీలోని అన్న. నాకంటే ముందు చేరినవాడు. వాళ్ల నాన్నా బాపూ ఒకే షిఫ్టు, అందుకే బాపును కాక అనేవాడు.

"రీసెట్ పెట్టాలె అన్నా."

"పెట్టు. పరీక్ష పరీక్షకు కాకను లేపి, చాయ్ తాపి, డ్యూటీకి తోలు."

పెట్టాను. ప్రతి పరీక్షకు ముందు పాత లెక్కలన్నీ తుడుచుకుపోయి బాపు మళ్లీ డ్యూటీలో ఉండేవాడు. అప్పుడు ఇంకో తంటా వచ్చింది. సగం పరీక్షలు అయ్యేసరికి డేటాబేస్ ఇక కనెక్షన్ ఇవ్వనంది. సోమవారం పెద్దాఫీసు సారు చూడటానికి వస్తున్నాడు. నడవకపోతే ఈ పని బయటివాళ్లకు పోతుంది, నేను యార్డుకు పోతాను.

అన్న నేను రాసిందంతా పైనుంచి కిందికి చదివాడు.

"లాంపు రూంల దీపం తీస్కొని బాయిల దిగినోడు పైకొచ్చినంక ఏం చెయ్యాలె?"

"తిరిగియ్యాలె."

"మన పరీక్షలు ఒక్కటన్న ఇచ్చినయా? అన్ని నెత్తి మీద దీపాలతోనే ఇంటికి పోయినయి."

నిజమే. ప్రతి పరీక్ష కొత్త కనెక్షన్ తెరుస్తోంది, ఏదీ మూయడం లేదు. ఇద్దరం బాయి కార్మికుల కొడుకులమే, అప్పటిదాకా ఇద్దరికీ తట్టలేదు. మొదట ఒక కనెక్షన్ తెరిచి, అన్నీ దాన్నే వాడుకుని, చివర మూసేలా మార్చాం.

సోమవారం సారు ముందు పరీక్షలన్నీ నెగ్గాయి. ఆయన కళ్లద్దాలు సర్దుకుని తెర చూశాడు.

"ప్రతి పరీక్షకు ముందు రీసెట్ ఉంది కదా. అన్నీ అయిపోయాక చివర్లో మళ్లీ ఒకటెందుకు?"

పనికైతే అవసరం లేదు, నేనే పెట్టుకున్నాను. అది లేకపోతే ఆఖరి పరీక్షలో పోయిన బాపు మర్నాటిదాకా అలాగే ఉండిపోతాడు. నేను అన్న వైపు చూశాను.

"సార్, అందరు పైకొచ్చిన్రో లేదో చూస్కోకుండ లాంపు రూంకు తాళమెయ్యరు కద," అన్నాడు అన్న.

సారు నవ్వాడు. "సరే, ఉండనివ్వండి. యార్డుకు వేరే మనిషిని చూసుకుంటాం."

సాయంత్రం గది మూసేముందు తెర మీద మస్టర్ చూశాను.

"ఉన్నడా కాక?" అన్నాడు అన్న, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ.

"ఉన్నడు."

"ఇగ జల్ది రా. బస్సు పోతది."