పళ్ళు వెనక్కి తిరిగిన గొలుసు

నా చిన్నప్పుడు పాకాలలో మా తాతయ్యను అందరూ రంపాల తాత అనేవాళ్ళు. ఆయన మా అమ్మకు నాన్న. మా నాయనది ఊరూరూ తిరిగే ఉద్యోగం కావడంతో నన్ను చదువు కోసం తాతయ్య, అవ్వల దగ్గర ఉంచారు. తొంభైల మొదట్లోని మాట ఇది. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

తాతయ్య చాలా ఏళ్ళు కలప కోసే మిల్లులో మెకానిక్కుగా పనిచేశాడు. పని మానేశాక ఆయనకు పాత మిషన్ రంపాల పిచ్చి పట్టుకుంది. పెట్రోలుతో నడిచే రంపాలు అవి. పొడవాటి ఇనుప పట్టీ చుట్టూ పళ్ళున్న గొలుసు గిర్రున తిరుగుతూ చెట్టును కోసేస్తుంది. ఇప్పుడవి ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి గానీ, అప్పట్లో మా వైపు గొడ్డలీ, ఇద్దరు చెరోవైపు పట్టుకుని లాగే చేతిరంపమే ఎక్కువ. ఏ కాలంలోనో పరదేశాల నుంచి వచ్చి, కొండల మీద కాఫీ తోటల్లోనో కలప డిపోల్లోనో పనిచేసి, పాడైపోయి మూలపడ్డ మిషన్లు ఎక్కడున్నాయో తాతయ్యకు ఎలా తెలిసేదో తెలిసేది. పొద్దున్నే రైలెక్కి కాట్పాడి వైపు పోయేవాడు, సాయంత్రానికి భుజం మీద గోనెసంచితో దిగేవాడు. ఆ సంచి చూడగానే అవ్వ మొదలుపెట్టేది.

"మళ్ళా ఇంకో దయ్యాన్ని తెచ్చినావా? ఇంట్లో మనుషులుండేదా, అవి ఉండేదా?"

తాతయ్య నవ్వి పెరట్లో రేకుల షెడ్డులోకి పోయేవాడు.

ఆ షెడ్డే నా లోకం. తుప్పు ముద్దలాంటి మిషన్‌ను ఆయన ముక్కముక్కగా విప్పితే, నేను ఒక్కో భాగాన్నీ కిరసనాయిల్లో నానబెట్టి అవ్వ పాత చీర పేలికలతో తుడిచేదాన్ని. కార్బొరేటర్ కింద వేసే వాషర్లు దొరక్కపోతే పెళ్ళిపత్రికల అట్టను కత్తిరించి చేసేవాళ్ళం. మా ఇంటికి వచ్చిన ఏ పెళ్ళిపత్రికా పూర్తిగా మిగల్లేదు. నెలల తరబడి అలా కూర్చుని, చివరికి ఒకరోజు ఇంజను తాడు లాగితే ఆ మిషన్ దగ్గి, పొగ కక్కి, ఉన్నట్టుండి గర్జించేది. ఆ క్షణంలో తాతయ్య ముఖం చూడాలి! ఎవరికో ప్రాణం పోసినట్టు ఉండేవాడు. అలా బాగుచేసిన రంపాలు పదకొండు గోడ వెంబడి చెక్క బల్లల మీద వరసగా ఉండేవి. ఒక్కటి కూడా అమ్మలేదు, ఒక్క కొమ్మ కూడా కోయలేదు.

ఏ రంపానికీ గొలుసు మాత్రం ఉండేది కాదు. గొలుసులన్నీ నూనె పూసి ఒక రేకు పెట్టెలో దాచేవాడు. స్క్రూలు బిగించడం, ప్లగ్గు తుడవడం, పెట్రోల్లో ఆయిల్ కలపడం, అన్నీ నన్ను చేయనిచ్చేవాడు. "గొలుసు జోలికి మాత్రం పోవద్దమ్మణ్ణీ, నువ్వు పెద్దయినాక నేనే నేర్పిస్తా" అనేవాడు. అదొక్కటే నాకు మింగుడుపడేది కాదు. సన్న స్క్రూలు కూడా తాతయ్య నా చేతే పెట్టించేవాడు, మిషన్ మీద చెక్కిన అంకెలు నా చేతే చదివించేవాడు. అంత పనిమంతురాలిని, గొలుసు తగిలించలేనా అని నా పొగరు.

ఆ ఏడు ఎండాకాలం సెలవుల్లో తాతయ్య ఒక పెద్ద రంపం మీద పని చేస్తున్నాడు. దాని పట్టీయే నా నడుమెత్తు పొడవు. ఒక శనివారం మధ్యాహ్నం ఆయన భోంచేసి కునుకు తీస్తుండగా నేను షెడ్డులోకి పోయి పెట్టె తెరిచాను. ఆ రంపానికి సరిపోయే గొలుసును వెతికి, పట్టీ చుట్టూ తొడిగి, ఆయన పట్టీ బిగించగా చూసినట్టే మరలు బిగించాను. దానికి నాకు గంట పట్టి ఉంటుంది. బల్లకు బిగించి ఉన్న ఆ రంపం మొదటిసారి నిజమైన రంపంలా కనిపించింది. కాసేపు చూసుకుని తీసేద్దామనుకున్నాను. అంతలో బయట ఉరుము ఉరిమింది. "పాపా, చింతపండు తడిసిపోతాది, రాయే" అని అవ్వ మిద్దె మీద నుంచి కేకేసింది. పరిగెత్తాను. చాపలు ఎత్తి, చింతపండు కిందికి మోసి, వానలో తడిసి, నవ్వుకుని, ఆ గొలుసు సంగతి పూర్తిగా మరిచిపోయాను.

మరునాడు పొద్దున తాతయ్యకు కాఫీ తీసుకుని షెడ్డు గుమ్మంలో నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది. ఆయన అప్పటికే ఆ పెద్ద రంపం ముందు నిలబడి ఉన్నాడు. వెలుతురు నేరుగా బల్ల మీద పడుతోంది. గొలుసు మెరుస్తూ కనిపిస్తోంది. నా చేతిలోని గ్లాసు తీసుకుని నిదానంగా కాఫీ తాగాడు. ఇప్పుడు చూస్తాడు, ఇప్పుడు నన్ను తిడతాడు, లేకపోతే 'భలే బిగించినావే' అంటాడు అనుకుంటూ నిలబడ్డాను. నేను నోరు తెరిచి చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. ఎట్లాగూ చూస్తాడు కదా, ఆయన అడిగాకే చెబుదాం అనుకున్నాను. తిట్టు ఎంత ఆలస్యంగా వస్తే అంత మేలనిపించింది.

ఆయన ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి తాడు లాగాడు. మూడోసారికి ఇంజను అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. గొలుసు లేకుండా నడిపేటప్పుడు ఆయనకు ఒక అలవాటు ఉంది. కుడిచేత్తో ఇంజను వేగం పెంచి, పట్టీ దాకా ఆయిల్ వస్తోందా లేదా అని ఎడమచేతి వేళ్ళతో తడిమి చూసేవాడు. వేగం పెంచాడు. మోతలో ఏదో తేడా ఉన్నట్టు తల పక్కకు వంచాడు. మరి కాస్త ముందుకు వంగి ఎడమచెయ్యి చాపాడు.

నేను అరిచాను. ఆ మోతలో నా అరుపు నాకే వినిపించలేదు.

ఆ తర్వాతిది ముక్కలు ముక్కలుగా గుర్తుంది. తాతయ్య చెయ్యి ఎగిరిపడటం, బల్ల మీద ఎర్రటి చుక్కలు, నా చేతిలోంచి గ్లాసు జారిపోవడం. నన్ను ఈరోజుకీ ఆశ్చర్యపరిచేది ఒక్కటే: అంత నొప్పిలోనూ ఆయన ముందు కుడిచేత్తో మిషన్ ఆపాడు. ఆపి, భుజం మీది తువ్వాలు చేతికి చుట్టుకుని, తెల్లబోయి నిలబడ్డ నా వైపు తిరిగి, పరిగెత్తుకొచ్చిన అవ్వతో "ముందు పాపను లోపలికి తీసుకపో" అన్నాడు.

పక్కింటి మామ పాలవ్యానులో తాతయ్యను తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. వ్యాను కదిలేలోపు వాకిట్లో జనం చేరారు. ఎట్లా జరిగిందని అందరూ అడుగుతున్నారు. తాతయ్య స్పష్టంగా అందరికీ వినపడేలా చెప్పాడు. "నేనే నిన్న గొలుసు బిగించి మరిచిపోయినాప్పా. నా తప్పే."

ఆయన బిగించలేదని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు కదా. మరి ఎందుకు అలా అన్నాడు? నిజంగానే మతిమరుపు వచ్చిందా? ఆ ఆలోచన ఎంత నీచమైనదో తెలిసి కూడా, అదే నిజమైతే నేను బయటపడ్డట్టే అని ఒక మూల అనిపించింది. ఆ సంగతి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

నాలుగు రోజులకు తాతయ్య ఇంటికి వచ్చాడు. చూపుడువేలి కొస పోయింది. నడిమివేలు ఇక వంగదన్నారు. చెయ్యి మొత్తం పోవలసింది, ఎట్లా తప్పిందో డాక్టర్లకే అర్థం కాలేదని పక్కింటి మామ చెప్పాడు. నేను గదిలోంచి బయటికి రాలేదు. అన్నం సహించలేదు. భయపడిందిలే అని అవ్వ నాకు దిష్టి తీసింది. ఎర్రనీళ్ళు నా చుట్టూ తిప్పుతుంటే ఏడుపు తన్నుకొచ్చింది గానీ నిజం చెప్పలేదు.

ఆ మరునాడు పొద్దున వాకిట్లో పాత ఇనుప సామాన్ల బండి ఆగింది. అవ్వే పిలిపించింది. షెడ్డు తలుపులు బార్లా తీసి, "ఒక్కటి కూడా మిగలకూడదు, అన్నీ ఎత్తుకపో నాయనా" అంది బండివాడితో. తర్వాత అరుగు మీద కూర్చున్న తాతయ్య వైపు తిరిగింది. "నీకు బుద్ధి మందగించిందయ్యా. బిగించింది నిన్న, మరిచింది నేడు. రేపు ఆ పాప మీద పడితే? ఇంక నువ్వు ఆ షెడ్డులో అడుగు పెట్టేదానికి లేదు."

తాతయ్య తల వంచుకున్నాడు. బండివాడు మొదటి రంపాన్ని తెచ్చి బండిలోకి విసిరాడు. అది మేం తొమ్మిది నెలలు కూర్చుని బతికించిన మిషన్. ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడుకు తాతయ్య కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఈయనకు మతిమరుపు లేదు. నోరు తెరిస్తే నా పేరు చెప్పాలి. అది చెప్పలేక, ఇన్నేళ్ళ ప్రాణాన్నంతా బండి ఎక్కించేస్తున్నాడు.

ఎలా బయటికి వచ్చానో తెలియదు. బండి ముందు నిలబడి అరిచాను. "తాత కాదవ్వా, నేనే! నేనే బిగించినా గొలుసు. చెప్పకుండా బిగించినా. పొద్దున ఆడనే ఉన్నా, చూసినా, అయినా చెప్పలేదు!"

అవ్వ నా చెంప మీద ఒకటి ఇచ్చింది. రెండో దెబ్బకు చెయ్యెత్తితే తాతయ్య కట్టు కట్టిన చెయ్యి అడ్డుపెట్టాడు.

"నాకు తెలుసే" అన్నాడు.

అవ్వ చెయ్యి అలాగే ఆగిపోయింది. నేను బిత్తరపోయాను.

"తువ్వాలు చుట్టుకునేటప్పుడే గొలుసును తడిమినా. పండ్లు ఎనక్కి తిరిగి ఉండాయి. ఇన్నేండ్లు బిగించినోడు పండ్లు ఎనక్కి పెడతాడా? పాపే కదా అనుకున్నా. ముందుకుంటే ఈ చెయ్యి ఉండేది కాదు. తెలియక తిప్పి పెట్టింది కాబట్టి కోయలేదు, గీరి వదిలింది."

నా తప్పులోని తప్పు ఆయన చేతిని కాపాడిందని విని నాకు ఏడవాలో ఏం చేయాలో తెలియలేదు. కానీ అవ్వకు వేరే సందేహం వచ్చింది. "కండ్ల ముందర గొలుసు ఉంటే సూసుకోకుండా చెయ్యెట్లా పెట్టినావు?" అని నిలదీసింది.

తాతయ్య నా తల మీద చెయ్యి వేసి చెప్పాడు. "పాప దాచింది ఒక్క రోజు. నేను దాచింది ఏడాదిన్నర. నాకు కండ్లు కనబడవే. రెండింటికీ పొర కమ్మింది. వెలుతురు తెలుస్తాది, మనిషి నీడ తెలుస్తాది, అంతే. చెప్తే షెడ్డు మూసేస్తావని భయపడినా. తప్పు నాది కూడా ఉండాది. అందుకే పాప పేరు చెప్పలా."

అవ్వ ఉన్నచోటే కూలబడింది. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి తన ముఖం చూడలేకుండా ఏడాదిన్నరగా తను పెట్టిన అన్నం తింటున్నాడని ఆమెకు తెలియలేదు. నాకూ తెలియలేదు. సన్న స్క్రూలు నా చేత పెట్టించింది, అంకెలు నా చేత చదివించింది నా పనితనం చూసి కాదు. బండివాడే నెమ్మదిగా ఆ ఒక్క రంపాన్నీ కిందికి దించి, తెచ్చిన చోటే పెట్టి వెళ్ళిపోయాడు.

వానాకాలం ముగిసేలోపు తాతయ్య రెండు కళ్ళకూ ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు నన్ను దగ్గరకు పిలిచి, ఎగాదిగా చూసి, "ఇంత పొడుగైనావా నువ్వు!" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను ఏడ్చినంత ఆయన వేళ్ళు తెగిన రోజు కూడా ఏడవలేదు. ఆ తర్వాత వారంలోనే, అవ్వ గుమ్మంలో కాపలా కూర్చోగా, గొలుసు ఎట్లా తొడగాలో, పళ్ళు ఎటు చూడాలో నాకు నేర్పాడు. బిగించాక పైకి చెప్పించాడు: "గొలుసు ఉండాది తాతా." తను ఎదురుగా నిలబడి చూస్తూనే ఉన్నా, నేను ఆ మాట అనేదాకా తాడు ముట్టుకునేవాడు కాదు.

తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. నాకిప్పుడు యాభై దగ్గర పడుతోంది. ఉద్యోగంలోనూ ఇంట్లోనూ తప్పులు చేయకుండా ఏమీ లేను. చేసిన ప్రతిసారీ, ఎదుటివాళ్ళకు ఎట్లాగూ కనిపిస్తుందిలే, అడిగితే చెబుదాం అని మనసు చెబుతుంది. ఎదుటి మనిషికి ఏం కనిపిస్తోందో, ఏం కనిపించడం లేదో నాకేం తెలుసు? అందుకే ముందు నోరు తెరిచి చెప్పేస్తాను. వాళ్ళు ఏమంటారన్నది ఆ తర్వాతి సంగతి.