జారే ముడి, పట్టే ముడి

బిగించి కట్టని ముడి మనిషి బరువును ఆపుతుందని మా బావ చెబితే నేను నమ్మలేదు. అక్క అసలే నమ్మలేదు. నిరుడు చింతచెట్టు మీది నుంచి పడి, వానాకాలమంతా బావ కుడిచెయ్యి పైకెత్తలేకపోయాడు. ఈ ఏడూ ఎక్కుతానని పట్టుబట్టేసరికి అక్క నాకు ఫోన్ చేసింది.

"నువ్వు దేన్నీ నమ్మవు కదరా. వచ్చి ఆ తాడు సంగతేందో తేల్చిపో. నువ్వు వద్దంటే ఎక్కనని ఒప్పుకున్నాడు."

వాళ్ల చేను కంబదూరు దగ్గర. వేరుశనగ ఎండిపోయిన ఏడు కూడా గట్టు మీది చింతచెట్లు కాస్తాయి. చెట్లెక్కి దులిపేవాళ్లే బెంగళూరు పనులకు వెళ్లిపోయారు.

బావ తయారుచేసిన సరంజామా చూశాను. కరెంటు లైన్‌మన్ వాడి వదిలేసిన నడుము బెల్టు. దానికి ఒకవైపు లావుపాటి తాడు కట్టి, కొమ్మ చుట్టూ తిప్పి రెండోవైపుకు తెచ్చాడు. అటువైపు బెల్టుకున్న సన్నతాడును ఈ లావుతాడు మీద వరసగా చుట్టాడు. చుట్లను చేత్తో తోస్తే జరుగుతాయి, తాడు పొడుగో పొట్టో చేసుకోవచ్చు. మనిషి వెనక్కి వాలితే అవే చుట్లు లావుతాడును కరిచి పట్టుకోవాలి. పట్టుకోకపోతే?

"ఎవరు నేర్పారు?"

"ఫోన్లో చూసినా."

"ఫోన్లో ఉల్లిగడ్డ రసంతో బట్టతల మీద జుట్టు మొలిపించేవాడు కూడా ఉన్నాడు బావా."

"నీ తల చూస్తే తెలుస్తాండాదిలేప్పా, నువ్వూ నమ్మి మోసపోయినట్టుండావు."

కింది కొమ్మకు తాడు వేయించి, పాదాలు నేలకు జానెడెత్తులో ఉండేట్టు వేలాడమన్నాను. వేలాడాడు. కుదిపాను, కాళ్లు పట్టి లాగాను. ముడి జారలేదు. అయినా అనుమానం తీరలేదు. ఒకసారి పట్టిందంటే ఎప్పుడూ పట్టుకుంటుందని రుజువు కాదు. పొద్దున మళ్లీ చూద్దామన్నాను.

తెల్లవారి లేచేసరికి రెండు తాళ్లూ మెరుస్తున్నాయి. పసుపులో ఆముదం కలిపి, ఆ కొస నుంచి ఈ కొస దాకా పూసి, కుంకుమ బొట్లు పెట్టింది అక్క.

"కొత్త తాడురా. అమ్మవారికి చూపకుండా చెట్టెక్కిస్తే యాడ బాగుంటాది?"

నాకు ఒళ్లు మండింది. ముందు వేలాడి చూడమన్నాను. బావ నవ్వుతూ వెనక్కి వాలాడు. సబ్బు రాసిన చేతి మీద గాజులా చుట్లు సర్రున జారాయి. ఆయన నేల మీద చతికిలబడ్డాడు.

"అపశకునం! ఇంక చెట్టు మాట ఎత్తొద్దు" అంది అక్క.

"శకునమేం కాదులే, నీ తమ్ముని దిష్టి" అన్నాడు బావ, పంచె దులుపుకుంటూ.

తాడును రెండు వేళ్లతో రుద్ది చూశాను. "ఆముదమక్కా. రాపిడి మీద ఆధారపడే ముడి ఇది. నూనె పూస్తే ఏం పట్టుకుంటుంది?"

అక్క ముఖం పాలిపోయింది. "అంటే నా పూజే ఈయప్పను చంపబోయిందంటావా?"

మూఢనమ్మకాల మీద నేను ప్రసంగించే సభలో అయితే సరిగ్గా ఇక్కడే చప్పట్లు కొట్టించుకునేవాణ్ణి. కానీ నా మాట మీదే నాకు అనుమానం వచ్చింది. ఇవాళ చుట్లు తప్పుగా వేశాడేమో. నిన్నటి లాగుడుకు సన్నతాడు అరిగిందేమో.

"ఇంకా తేలలేదక్కా" అన్నాను.

కొన్న చుట్టలో మిగిలిన, నూనె తగలని లావుతాడు కోసి, కొత్త సన్నతాడుతో అదే ముడి వేయించాను. పట్టింది. అక్క లోపలికి వెళ్లి ఆముదం గిన్నె తెచ్చింది. తనే గుడ్డ ముంచి, తన చేత్తో ఆ తాళ్లకు రాసి, "ఇప్పుడు వాలు" అంది మొగుణ్ణి.

జారింది.

అక్క చేతిలోని గుడ్డ కింద పడేసింది. మళ్లీ కొత్త తాళ్లు కోయించింది. చేతులు బూడిదతో తోముకుని, కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, చీర దోపి బెల్టు తన నడుముకు పెట్టుకుంది.

"నువ్వేందే?"

"వీడి మాటా వద్దు, నీ ఫోను మాటా వద్దు. నేనే చూస్తా."

వాలింది. ముడి పట్టింది. కళ్లు మూసుకుని కాసేపు అలాగే వేలాడింది.

"దిగు తల్లీ, ఇంక నేనెక్కాల" అన్నాడు బావ.

"ఉండప్పా, ఇంకొక తూరి."

ఎక్కించేముందు పసుపంతా చెట్టు మొదలుకే పూసింది. బావ పైకి పోతుంటే ప్రతి కొమ్మ దగ్గరా కింది నుంచి అరుస్తూనే ఉంది: "వాలి చూడు! పట్టినంకనే చెయ్యి ఇడుసు!" చింతకాయలు నెత్తి మీద రాలుతున్నా పక్కకు జరగకుండా, ఆ చుట్ల వైపే చూస్తూ నిలబడింది.