సిల్వర్ గంజు కరిగిన రోజు

పెళ్లయి ఈ బొగ్గు గని కాలనీకి వచ్చిన కొత్తలో పక్క క్వార్టర్ అక్క నాకు చెప్పిన మొదటి మాట: "ఇది మీ ఊర్ల కట్టెల పొయ్యి కాదు, బొగ్గు పొయ్యి. సిల్వర్ గంజు ఉత్తగ పెట్టకు, కరిగిపోతది." లోలోపల నవ్వుకున్నాను. నెయ్యి కరుగుతుంది, మైనం కరుగుతుంది, నీళ్లు కాచుకునే అల్యూమినియం గంజు ఎట్లా కరుగుతుంది? మా ఊళ్లో గంజులు మసిబారాయే తప్ప ఒక్కటీ కరగలేదు. నాకు ఒకరు చెబితే నచ్చదు. అయినా భయపడి, నీళ్లు పోశాకే పొయ్యి ఎక్కించేదాన్ని.

వంటకు గ్యాస్ వచ్చినా, స్నానానికి నీళ్లు పెరట్లో బొగ్గు పొయ్యి మీదే. ఆయన బొగ్గు బాయిలోంచి షిఫ్టు దిగి వచ్చేసరికి సలసల కాగాలి. లేకపోతే మసి మొహంతో గడపలోనే నిలబడి అలిగేవాడు.

పోయిన ఏడు ఆయన జబ్బు చేసి పోయాడు. ఆయన ఉద్యోగం నాకిచ్చారు. బిడ్డ హాస్టల్లో ఉంది. కనబడిన వాళ్లంతా డ్యూటీ ఎట్లుందని అడుగుతారు, ఆయన మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఏడుస్తానని భయం కాబోలు. ఎవరైనా ఎత్తితే బాగుండునని నాకుండేది.

ఈ చలికాలం ఒక సెలవు రోజు, మొదటి షిఫ్టు వదిలే వేళకి నా చేతులు వాటంతటవే పొయ్యి రాజేసి ఉత్త గంజు ఎక్కించాయి. బకెట్ పట్టుకుని వాకిట్లో నల్లా దగ్గరికి వెళ్లాను. బకెట్ నిండుతుంటే గుర్తొచ్చింది, ఈ నీళ్లు పోసుకునే మనిషి లేడని. అక్కడే కూర్చుండిపోయాను. నల్లా పారుతూనే ఉంది.

"ఓ పిల్లా, నీ గంజు పోయింది!" అని అక్క పెరటి గోడ మీదుగా కేకేసింది.

వెళ్లి చూస్తే గంజుకు అడుగు లేదు. పొయ్యిలో ఇనుప చువ్వలు ఎర్రగా కాలి కూడా చెక్కుచెదరలేదు. వాటి సందుల్లోంచి జారిన సిల్వర్ బూడిదలో ముద్దలు ముద్దలుగా మెరుస్తోంది.

అక్క గబగబా చుట్టూ తిరిగి వచ్చింది. "ఇన్నేండ్లల్ల ఎన్నడు గిట్ల చెయ్యలేదు కదనే. ఒక్కదానివి, గింత పెద్ద గంజు ఎవ్వలకోసం పెట్టినవ్?"

"ఆయనకే అక్కా."

అక్క నా చెయ్యి పట్టుకుంది. "రోజు యాదికొస్తడా?"

ఏడాదిలో మొదటిసారి ఒకరు అడిగారు. చెప్పడానికి ఎంత ఉందో! నోరు తెరిచాను.

అంతలో గోడ అవతల నుంచి వాళ్లాయన కేక: "ఏమేవ్, నీళ్లు కాగినయా?"

"జర ఆగే, మల్లొస్త," అని అక్క చెయ్యి వదిలి వెళ్లిపోయింది. అవతల నీళ్లు తోడుతున్న చప్పుడు, ఆయన సణుగుడు, ఆమె నవ్వు వినిపించాయి. నాకు ఏడుపు కంటే ముందు అసూయ వచ్చింది.

పొద్దుగూకేదాకా పెరట్లోనే కూర్చున్నాను. అక్క రాలేదు. ఆమె తప్పేం లేదు. ఆమెకు ఇంట్లో మనిషి ఉన్నాడు.