సూదికి రిహార్సల్

గడియారాలు బాగుచేసే బాబాయ్ రిహార్సల్ లేకుండా ఏ పనీ చేయడు. రైలెక్కాలంటే ముందురోజే స్టేషన్‌కెళ్లి, తన బోగీ ఆగే చోట సంచితో సహా నిలబడి వస్తాడు. క్షవరానికి ముందురోజు సెలూన్ కుర్చీలో ఊరికే కూర్చుని లేస్తాడు. ఆయన జీవితంలో రిహార్సల్ లేకుండా జరిగింది భార్య పోవడమొక్కటే. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

పక్క కొట్టు టైలరూ ఒంటరివాడే. భార్య పోయింది, కూతురు హాస్టల్లో చదువుకుంటోంది. తనకేమైనా అయితే పిల్ల చదువు ఆగిపోకూడదని జీవిత బీమాకి దరఖాస్తు పెట్టాడు. చిక్కల్లా వైద్య పరీక్షతోనే. రోజంతా సూదులతో బతికే మనిషికి ఇంజెక్షన్ సూది కనబడితే చాలు, కాళ్లు వాటంతటవే గుమ్మం వైపు నడుస్తాయి. రెండుసార్లు రక్తం ఇవ్వకుండానే పారిపోయి వచ్చాడు. వచ్చే వారం మూడోసారి కూడా ఇలాగే చేస్తే దరఖాస్తు మూసేస్తారని ఏజెంటు చెప్పేశాడు.

ఆ సాయంత్రమే బాబాయ్ వచ్చి, తనూ బీమా చేయిస్తున్నానని, తన పరీక్ష కూడా అదే రోజని, వారంపాటు రిహార్సల్‌కి తోడు కావాలని అడిగాడు.

"మీకెందుకు బాబాయ్ బీమా? ఎవరికోసం?" అని టైలర్ నోరు జారాడు.

బాబాయ్ గోడ గడియారం వంక చూసి, అది రెండు నిమిషాలు వెనకుందన్నాడు.

మర్నాటి నుంచి తతంగం మొదలైంది. పాత ఇనుప సామాన్ల కొట్టులో కాటా ఎక్కి ఇద్దరూ బరువు చూసుకున్నారు. టేపుతో ఒకరి ఛాతీ ఒకరు కొలిచారు. పస్తుండటం కూడా అలవాటు కావాలని పొద్దున పూట కడుపులు మాడ్చుకున్నారు. బాబాయ్ డాక్టరై ప్రశ్నలడిగేవాడు, వెంటనే రోగియై జవాబులు చెప్పేవాడు. "ఇంట్లో ఎవరెవరుంటారు?" దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగిపోయేవాడు. టైలర్‌కి మనసు చివుక్కుమనేది. కూతురు హాస్టల్‌కెళ్లాక తనింట్లోనూ ఎవరూ లేరు.

ఆఖరి అంకం సూది. బాబాయ్ తన పట్టకారుతో టైలర్ మోచేతి మడతలో గిల్లేవాడు. మొదటిరోజు టైలర్ వీధి చివరిదాకా పరుగెత్తాడు. మూడోరోజు గుమ్మందాకా. ఏడోరోజుకి కుర్చీలోనే ఉండి, గోడకున్న అట్ట మీది గుండీలు లెక్కపెట్టాడు.

పరీక్ష రోజు ఇద్దరూ ఖాళీ కడుపుతోనే వెళ్లారు. లోపల నర్సు సూది తీయగానే టైలర్ ఆమె కోటు గుండీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నాలుగోదానికి దారం వదులైందని చెప్పేలోపే ఆమె దూది పెట్టేసింది.

అతను గర్వంగా చేయి మడిచి, బయట మా బాబాయ్ ఉన్నారు, ఆయన్నీ పిలవండన్నాడు. నర్సు జాబితా చూసి, ఇవాళ మీ ఒక్కరి పేరే ఉందంది. తలుపులోంచి తొంగిచూసి, అంత వయసువాళ్లకి అసలు ఈ పాలసీ ఇవ్వరని కూడా చెప్పింది.

బయట బెంచీ మీద బాబాయ్ ఆకలికి వాడిపోయి కూర్చున్నాడు. టైలర్ వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"మీకు బీమా ఇవ్వరటగా బాబాయ్."

"తెలుసురా. ఒక్కడివే వస్తే మళ్లీ పారిపోతావని అలా చెప్పాను."

"మరి మీరెందుకు పస్తుండటం?"

"రిహార్సల్లో దొంగాట ఆడకూడదు," అంటూ బాబాయ్ మోకాళ్లు పట్టుకుని లేచాడు. "పద, ఏదైనా తిందాం. మూలమీద హోటల్లో ఇద్దరు కూర్చునే బల్ల ఒకటుంది. నిన్న వచ్చి రెండు కుర్చీల్లోనూ కూర్చుని చూశాను. నీది కాస్త ఊగుతుంది, జాగ్రత్తగా కూర్చో."