దంతాలపల్లి రోడ్డు మీద మరగని ఎసరు

దయ్యాలంటే నాకు భయం లేదు, అసహ్యం. దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే ఇంకా అసహ్యం. ఇప్పుడు నేనే ఒకటి చెప్పాల్సి వస్తోంది.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న రోజులవి. పారేసిన అణు పరికరాలను వెతికే వ్యానులో నేను ఆపరేటరును. వ్యాను మీద ఒక కెమెరా ఉండేది. కంటికి కనిపించని రేడియేషన్ ఎక్కడుంటే ఫొటోలో అక్కడ ఎర్రమచ్చ చూపిస్తుంది. భూపాలపల్లిలో బొగ్గును కొలిచే అలాంటి పరికరాన్ని ఓ కాంట్రాక్టరు మామూలు తుక్కులో కలిపి అమ్మేశాడు. చదువుకున్న గాడిద! ఆ తుక్కు దంతాలపల్లికి వచ్చిందని తెలిసి బయల్దేరాం.

ఊరి ముందే రాస్తారోకో. తారురోడ్డు మీద వంటావార్పు.

"మీవాళ్ళ ఉద్యమమంతా తిండి కోసమేనయ్యా," అని నవ్వాడు మా ఆఫీసరు. కోస్తా మనిషి. నాది ఈ జిల్లాలోని జఫర్‌గఢ్ అని తెలిసే నవ్వాడు. ఒళ్ళు మండి వ్యాను దిగాను.

అక్కడ ఆడవాళ్ళు గొడవ పడుతున్నారు. మిగతా పొయ్యిల మీద అన్నం వార్చేశారు, చివరి దాని మీద ఎసరే మరగడం లేదు. మంట మాత్రం భగభగ మండుతోంది. ఒకామె గరిటెతో నీళ్ళు తెచ్చి నా చేతిలో పోసింది. గోరువెచ్చగా ఉన్నాయి.

"పొద్దుగాల సంది గిట్లనే ఉన్నది సారూ. గాలి సోకినట్టున్నది. గా దిక్కు ఎవ్వలను కూసోనిస్తలేం," అంది ఒక అవ్వ.

"గాలీ లేదు, గీలీ లేదవ్వా. మా కెమెరాల సూపిస్త రా," అన్నాను వెటకారంగా.

కెమెరా తిప్పాను. సరిగ్గా ఆ పొయ్యి దగ్గరే ఎర్రమచ్చ.

రోడ్డు మీద రాళ్ళు చాలక, తుక్కు దుకాణం నుంచి ఇనప దిమ్మలు తెచ్చి ఆ పొయ్యి పెట్టారు. మేం వెతుకుతున్నది వాటిలో ఒకటి.

ఆఫీసరు మైకులో లేవమని అరిస్తే, ఉద్యమాన్ని చెడగొట్టే ఎత్తుగడ అనుకుని జనం తిరగబడ్డారు. "అక్కా, పానం మీదికొస్తది, జర దూరం జరుగుర్రి," అని నేను బతిమాలితే కదిలారు. దిమ్మను పొడవాటి పట్టకారుతో తీసి సీసం పెట్టెలో పెట్టాం. ఆ పొయ్యికి కట్టెలు ఎగదోసినామెను దవాఖానకు పంపాం. ఆమెకేమీ కాలేదు.

తర్వాత అదే గిన్నె, అవే నీళ్ళు, అవే కట్టెలు. దూరంగా వేరే పొయ్యి మీద పెడితే కాసేపట్లోనే ఎసరు మరిగింది.

"తడి కట్టెలయ్యా," అన్నాడు ఆఫీసరు. ఆ మంట ఆయనా చూశాడు. ఆయన తెలివి అంతే.

రేడియేషన్ నీళ్ళను మరగకుండా ఆపదు. ఏ పుస్తకం చూసినా అదే ఉంటుంది. అన్నం ఉడికి ఉంటే మాత్రం, ఆ పొయ్యి చుట్టూ ఊరంతా పిల్లాపాపలతో కూర్చుని తినేది.

అవ్వ నా పక్కకొచ్చి నిలబడింది. "నీ మిషిన్ల కనవడ్డది, సరే. మరి నీళ్ళకెట్ల ఎరుకైంది కొడుకా?"